వెంకట్రాజం పోయిండు, శుక్రవారం రాడు

మా సంఘంలో ఒక నియమం ఉంది. ప్రతి శుక్రవారం ప్రతి సభ్యుడూ లేచి తన పేరు, తన వ్యాపారం, ఆ వారం ముచ్చట ఒకటి చెప్పాలి. నిమిషం దాటితే అధ్యక్షుడు గంట కొడతాడు. నా మీద ఎప్పుడూ గంట కొట్టలేదు. "నా పేరు సదానందం. జంపఖానాలు. ముచ్చట ఏం లేదు" అని కూర్చుంటాను. ఆరేళ్లుగా అదే చెబుతున్నాను.

సంఘం పేరు ఓరుగల్లు వ్యాపార మిత్రమండలి. ఇరవై ఒక్క మందిమి. ఒక వ్యాపారానికి ఒకటే సీటు. అవసరం ఉన్నవాళ్లను ఒకరి దగ్గరికి ఒకరం పంపించుకోవాలి. పచ్చళ్లు కావాలంటే సుగుణ దగ్గరికి, ఫ్లెక్సీ కావాలంటే రాజేశ్వర్ రావు దగ్గరికి, టెంట్ కావాలంటే వెంకట్రాజం దగ్గరికి. జంపఖానా కావాలని నా దగ్గరికి ఈ ఆరేళ్లలో ఇద్దరు వచ్చారు. ఒకరు చిరునామా అడగడానికి వచ్చారు.

ఇంకో నియమం కూడా ఉంది. వరసగా మూడు శుక్రవారాలు రాకపోతే సీటు పోతుంది. ఎవరితోనైనా ముందుగా కబురు చేయిస్తే ఆపుతారు. లేకపోతే అదే వ్యాపారంలో ఉన్న మరొకరిని తీసుకుంటారు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మేం కూడే హోటల్ మూతబడింది. అప్పటి నుంచి ఫోన్‌లోనే కూడేవాళ్లం. తర్వాత లాక్‌డౌన్ పడి పొద్దున ఆరు నుంచి పది దాకానే బయటికి వదిలేవారు. అందుకని పదకొండింటికి కలిసేవాళ్లం. అగ్గిపెట్టెలంత డబ్బాల్లో ఇరవై ఒక్క తలకాయలు. కొందరివి నుదుళ్లే కనిపించేవి. రాజేశ్వర్ రావు అధ్యక్షుడు. సుబేదారిలో ఫ్లెక్సీల ప్రెస్సు ఉంది. ఆయన కొత్త నియమం పెట్టాడు: "చెడు ముచ్చట్లు టీవీల చాలా చెప్తాండ్రు. ఇక్కడ మంచియే చెప్పాలె."

చెప్పేవారు. సుగుణ ఒకసారి ఇలా చెప్పింది: "నా ఎల్లిపాయ కారానికి మస్తు గిరాకీ ఉన్నది. తినడానికి కాదన్నా, పొద్దున్నే మూత తీసి వాసన చూస్తాండ్రట. ఘాటు తగిలితే కరోనా లేదని దేవునికి దండం పెడతాండ్రట." వెంకట్రాజం ఇలా చెప్పాడు: "నా కుర్చీలన్నీ టీకాలేసే కాడికి పోయినయి. అవి అక్కడ దర్జాగ కూసున్నయి. నేను ఇంట్ల నిలబడి అంట్లు తోముతాన." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను వెంకట్రాజం మాటకు నవ్వను.

దానికి కారణం ఉంది. వెంకట్రాజం టెంట్ హౌస్ నా దుకాణానికి నాలుగు గడపల అవతల. ఒకప్పుడు పెళ్లయినా పేరంటమైనా అతని పందిట్లో పరిచేది నా జంపఖానాలే. కొత్తవాడ మగ్గాల మీద నేసిన నూలువి. ఎర్రచారలు, నీలిచారలు. ఒక ఎండాకాలం అతను ఎక్కడి నుంచో ఆకుపచ్చ ప్లాస్టిక్ చుట్టలు తెచ్చాడు. గడ్డి లాగా ఉంటుందట. కడిగితే ఆరిపోతుందట. ఆ రోజు నుంచి జంపఖానాలు మానేశాడు. అది వ్యాపారం. దాన్ని నేను మనసులో పెట్టుకోలేదు. పెట్టుకున్నాను గానీ తక్కువ.

అప్పటికి రెండేళ్ల కింద నా భార్య సమ్మమ్మ చనిపోయింది. పదకొండో దినం నాడు పందిరి వేసింది వెంకట్రాజమే. నేను కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. కింద గరగరమంది. చూస్తే ఆకుపచ్చ ప్లాస్టిక్. ముప్పై నాలుగేళ్లు నా దుకాణంలో జంపఖానాలు దులిపి మడత పెట్టిన మనిషి దినాలకు వచ్చినవాళ్లు ప్లాస్టిక్ మీద కూర్చుని తిన్నారు. నేను లేచి మట్టిలో కూర్చున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి వెంకట్రాజం "అన్నా" అంటే "ఊఁ" అంటాను. అంతకంటే ఇవ్వలేదు.

మే నెలలో వెంకట్రాజం తన బావమరిది బిడ్డ పెళ్లికి టెంట్ వేయడానికి భార్య యమునను తీసుకుని ఏటూరునాగారం అవతల ఒక పల్లెకు వెళ్లాడు. పెళ్లయింది. లాక్‌డౌన్ పడింది. టెంటు, గుంజలు, వెంకట్రాజం అక్కడే చిక్కుకున్నారు. ఆ పల్లెలో ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. రెండు శుక్రవారాలు అతని డబ్బా కనిపించలేదు. మూడోదానికి సీటు పోతుంది.

మంగళవారం నాకు ఫోన్ చేశాడు. గాలి హోరులో మాట తెగిపోతోంది.

"అన్నా, నేనే, రాజాన్ని! నీళ్ల ట్యాంకెక్కి మాట్లాడుతాన. గ్రూపుల జర నా కబురు చెప్పవా? అధ్యక్షునికి ఫోన్ కలుస్తలేదు. నేను ఇటు వచ్చిన, సిగ్నల్ లేదు, శుక్రవారం రాలేనని రాయన్నా. టెంట్లేసే ఆ భానుచందర్ నా సీటు మీద కన్నేసిండు. సీటు పోతే నా దుకాణం ముంగట ఈగలే. పెళ్లిండ్లన్నీ గ్రూపు నుంచే గదా వచ్చేది. రాస్తవా?"

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే రాస్తవా, రాయవా?"

ఫోన్ తెగిపోయింది.

రాయకుండా ఉండవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. భోజనం అయ్యేదాకా ఉంది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ తీశాను. మా ఊరి బడిలో పలకలు తక్కువ, బలపాలు ఇంకా తక్కువ. బలపం అరిగితే మా పంతులు చెయ్యి అరిగేలా కొట్టేవాడు. అందుకని ఒక మాటతో అయ్యేదానికి రెండు మాటలు రాయడం నాకు చేతకాదు. ఏటూరునాగారం అని రాయబోయాను. ఆరు అక్షరాలు, అందులో నాలుగు దీర్ఘాలు. ఫోన్‌లో ఏ ఎక్కడుందో దొరకలేదు. అతను ఎక్కడికి పోయాడో వీళ్లకెందుకు? పోయాడు, రాడు, అంతే గదా కబురు.

ఇలా రాశాను: "వెంకట్రాజం పోయిండు. శుక్రవారం రాడు."

పంపించి ఫోన్ బోర్లా పెట్టాను. బదులు వచ్చిన చప్పుళ్లు వినిపించాయి. చాలాసేపు వినిపించాయి. నేను బదులు చదవను. చదివితే మళ్లీ రాయాలి. రాజేశ్వర్ రావు ఆ రెండు రోజుల్లో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఆయన ఫోన్ చేసేది చందాకే.

శుక్రవారం కొంచెం ఆలస్యంగా కలిశాను. అందరూ చేతులు జోడించి కళ్లు మూసుకుని ఉన్నారు. మిఠాయి దుకాణం ఆయన మాత్రం కళ్లు మూసుకుని నములుతున్నాడు. ఎవరో పోయారనుకున్నాను. ఆ నెలలో అది వింత కాదు. నేను కూడా చేతులు జోడించాను.

రాజేశ్వర్ రావు కళ్లు తెరిచాడు. "వెంకట్రాజం ఆత్మకు శాంతి కలగాలె" అన్నాడు.

నా చేతులు అలాగే ఉండిపోయాయి.

మంగళవారం మాట్లాడాడు. ట్యాంకెక్కి అరిచాడు. మధ్యలో బుధవారం, గురువారం. ఆ నెలలో రెండు రోజులు చాలామందికి చాలాయి. ఎవరికో ఖబరు వచ్చి ఉంటుంది, నాకు చెప్పలేదు అనుకున్నాను. నాకు ఎవరూ ఏదీ చెప్పరు.

సుగుణ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "ఎంత మంచోడే! మా ఇంట్ల ఫంక్షనుకు నూరు కుర్చీలు చెప్తే నూటపది తెచ్చేటోడు. ఎక్కువెందుకు అన్నా అంటే, పిలవనోళ్లు గూడ వస్తరు గదా చెల్లె, వాళ్లేడ కూసుంటరు అనేటోడు."

రాజేశ్వర్ రావు గోడ వైపు ఫోన్ తిప్పాడు. ఆరడుగుల ఫ్లెక్సీ. శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు. కింద వెంకట్రాజం ఫొటో. లక్నవరం పిక్నిక్‌లో తీసింది, నల్లద్దాలు పెట్టుకుని పడవలో నిలబడ్డది. "రాత్రే కొట్టిచ్చిన. మండలి తరఫున. ఫొటో ఇదొక్కటే దొరికింది" అన్నాడు.

అతిథుల డబ్బాలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. భానుచందర్. పెళ్లిళ్లకు పూలు, లైట్లు, టెంట్లు అన్నీ చేస్తాడు. దానికి ఏదో ఇంగ్లిష్ పేరు పెట్టుకున్నాడు. "వెంకట్రాజం గారి లోటు ఎవ్వరూ తీర్చలేరు" అన్నాడు. కొంచెం ఆగాడు. "అవకాశమిస్తే నా ప్రయత్నం నేను చేస్త. ఫారం నింపి పంపించిన సార్, చూసిండ్రా?"

"జర ఆగవయ్యా. పదకొండో దినమన్న కానీ" అని సుగుణ కసిరింది.

అప్పుడు అడుగున కొత్త డబ్బా ఒకటి అందరి కంటా పడింది. ఎప్పుడు తెరుచుకుందో ఎవరూ చూడలేదు. బొమ్మ లేదు, నల్లగా ఉంది. కింద "యమున" అని పేరు.

అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. మిఠాయి ఆయన నమలడం ఆపాడు. రాజేశ్వర్ రావు గొంతు తగ్గించాడు. "యమున చెల్లె వచ్చింది. చెల్లె, ధైర్యంగ ఉండాలె. మేమందరం ఉన్నం." అటు నుంచి గరగరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. "ఏడుస్తాంది పాపం" అంది సుగుణ. "సదానందం అన్నా, నువ్వు పక్క దుకాణపోనివి. పెద్దోనివి. చెల్లెకు రెండు మంచి మాటలు చెప్పు."

అందరూ నా వైపు చూశారు. ఫోన్‌లో ఎవరు ఎటు చూస్తున్నారో తెలియదు గానీ నాకు అలాగే అనిపించింది. ముచ్చట ఏం లేదు అనబోయాను. 

"యమునా" అన్నాను. "నీ పెనిమిటి మా సమ్మమ్మ దినాలకు ప్లాస్టిక్ పరిచిండు."

ఎవరో దగ్గారు. నేను ఆగలేదు.

"రెండేండ్ల నుంచి మనసుల పెట్టుకున్న. వానితోని సక్కగ మాట్లాడలే. పొద్దుగాల వాడు దుకాణం తెరుస్తాంటె మొఖం అటు తిప్పుకున్న. కానీ ఆ రోజు కూలీలు రాకపోతే గుంజలన్నీ వాడొక్కడే నాటిండు. అరచేతులు పొక్కినయి. అందరు తిని పోయినంక మా వాకిలి ఊడ్చి పోయిండు. అది గూడ చూసిన. చూసి గూడ ఒక్క మాట అనలే. ఇగ ఏం లాభం. మాఫ్ చేసిన వాన్ని. విన్నవా బిడ్డా, మాఫ్ చేసిన."

నిమిషం దాటింది. రాజేశ్వర్ రావు గంట కొట్టలేదు.

నల్ల డబ్బా వెలిగింది. ముందు ఆకాశం కనిపించింది. తర్వాత ఇనుప నిచ్చెన. తర్వాత తలకు తువ్వాల చుట్టుకుని చెమటలు కారుతున్న వెంకట్రాజం మొహం.

"అన్నా! మాఫ్ చేసినవ్ గదా! ఇరవై మంది విన్నరు! ఇగ మాట తప్పొద్దు!"

సుగుణ కేక పెట్టింది. మిఠాయి ఆయన చేతిలోది కింద పడింది. రాజేశ్వర్ రావు ఫ్లెక్సీ వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూశాడు.

"నువ్వు… నువ్వు బతికే ఉన్నవా?"

"ఉన్ననే! అన్న ఊఁ అన్నడు గానీ నమ్మకం లేక యమున ఫోన్‌ల కలిసిన, దాన్ల మైకు ఎక్కడుంటదో తెల్వదు. పది నిమిషాల నుంచి ట్యాంకు మీద వేలాడుకుంట వింటాన. చెల్లె సుగుణా, నూటపది కుర్చీల ముచ్చట మంచిగ చెప్పినవ్. ఏమయ్యా భానుచందర్, ఫారం నింపినవా? సల్లగుండు!"

భానుచందర్ డబ్బా మాయమైంది.

నాకు కోపం తల దాకా వచ్చింది. బతికిన మనిషిని చంపి, నాతో ఆ మాటలన్నీ అనిపించారు. "ఎవడు రాసిండు ఈ అబద్ధం?" అని అరిచాను. "ఎవనికి పుట్టింది ఈ బుద్ధి? వాని పేరు చెప్పుండ్రి!"

 రాజేశ్వర్ రావు మెల్లగా అన్నాడు. "నువ్వే అన్నా."

"నేనా?"

"వెంకట్రాజం పోయిండు, శుక్రవారం రాడు. నువ్వే గదా రాసినవ్. వదిన పోయినప్పుడు గూడ గిట్లనే రాసినవ్. సమ్మమ్మ పోయింది, శుక్రవారం రాను అని. అదే మాట, అదే తీరు. ఇగ మేమేమనుకోవాలె?"

"నాకైతే చదవంగనే కండ్లల్ల నీళ్లు తిరిగినయన్నా" అంది సుగుణ. "రెండే రెండు ముక్కలల్ల మనిషి జీవితమంతా రాసినవ్ అనుకున్న."

"ఏటూరునాగారం పోయిండు అని" అన్నాను.

"ఏటూరునాగారం ఏదన్నా దాన్ల?"

"దీర్ఘాలు ఎక్కువ."

మొదట నవ్వింది వెంకట్రాజం. ట్యాంకు మీద నుంచి పడతాడేమో అన్నంత నవ్వాడు. తర్వాత అన్ని డబ్బాలూ నవ్వాయి. ఒకాయన కుర్చీలోంచి జారి కనిపించకుండా పోయాడు. నేను కళ్లజోడు తుడుచుకోవలసి వచ్చింది. దుమ్ము పడింది.

"అధ్యక్షా, బ్యాటరీ రెండు గీతలే ఉన్నది" అని వెంకట్రాజం అరిచాడు. "నా హాజరు ఏసుకో. లేకపోతే ఇది మూడో శుక్రవారమైతది."

రాజేశ్వర్ రావు నిటారుగా కూర్చున్నాడు. ఆయన నియమం తప్పే మనిషి కాదు. "పద్ధతి ప్రకారం చెప్పాలె. పేరు, వ్యాపారం, ముచ్చట. ముచ్చట మంచిదే ఉండాలె."

"నా పేరు వెంకట్రాజం. టెంట్ హౌస్. ముచ్చట, నేను సావలే."

"మంచి ముచ్చటనే" అన్నాడు రాజేశ్వర్ రావు. గంట కొట్టాడు. "హాజరు. సీటు సీటే."

"అన్నా" అని వెంకట్రాజం మళ్లీ నా మీద పడ్డాడు. "మాఫ్ సంగతి…"

"సచ్చినోనికి చేసిన మాఫ్ బతికినోనికి చెల్లది" అన్నాను.

"గదేం లెక్కనే! అంటే నేను నిజంగ…"

బ్యాటరీ అయిపోయింది. నాకు అదే కావాలి.

జూన్ నెలాఖరుకు లాక్‌డౌన్ ఎత్తేశారు. హోటల్లో లోపల కూర్చోవడానికి ఇంకా అందరికీ భయమే. అందుకని ఆ శుక్రవారం రాజేశ్వర్ రావు ప్రెస్సు వెనక ఖాళీ జాగాలో కూడాలని అనుకున్నారు. టెంట్ వేసేది వెంకట్రాజమే. పొద్దున ఏడింటికి ట్రాలీ ఆటో నా దుకాణం ముందు ఆగింది. వెంకట్రాజం దిగాడు. నల్లబడ్డాడు. బాగానే ఉన్నాడు.

"ఎక్కన్నా, కలిసి పోదాం."

ట్రాలీలో చూశాను. గుంజల కింద ఆకుపచ్చ చుట్ట.

నేను చూసింది అతను చూశాడు. తల గోక్కున్నాడు. "అలవాటున ఏసిండ్రన్నా పోరగాండ్లు."

నేను ఎక్కలేదు.  అతను నా దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

"ఒక మాట చెప్తా, తిట్టకు. వదిన దినాల నాడు పొద్దుగాల నీ దుకాణం కాడికి వచ్చిన. జంపఖానాలే తీసుకపోదామని. నా దగ్గరియి ఎలుకలు కొట్టినయి. ఇక్కడ తాళం ఏసి ఉన్నది. తాళంచెవి ఎప్పుడు వదిన కొంగుకే ఉంటుండె గదా. అదేడున్నదని నిన్ను అడగాలంటే… నోరు రాలే. వాపస్ పోయి ఉన్నదేదో పరిచిన."

తాళంచెవి ఆ పదకొండు రోజులు ఎక్కడుందో నాకూ తెలియదు. దేవుడి అర్రలో పసుపు డబ్బా వెనక దొరికింది. దుకాణం తెరవడానికి నెల పట్టింది.

"ఎలుకలు కొట్టిన జంపఖానా గూడ ప్లాస్టిక్ కంటే మేలు" అన్నాను.

"మేలే. తప్పయింది."

లోపలికి వెళ్లాను. పెద్ద జంపఖానాలు నాలుగు భుజాన వేసుకుని వచ్చాను. ట్రాలీలో నుంచి ఆకుపచ్చ చుట్టను వెంకట్రాజం తనే దింపి నా అరుగు మీద పెట్టాడు. "ఇది గిక్కడ ఉండనీ" అన్నాడు.

"నా అరుగు మీదనా?" అన్నాను. తీసి మురుగు కాలువ పక్కన పెట్టాడు.

సుబేదారిలో టెంట్ లేచింది. ముందు గుంజకు ఫ్లెక్సీ కట్టి ఉంది. అదే ఫ్లెక్సీ. రాజేశ్వర్ రావు ఏదీ పారేయడు. శ్రద్ధాంజలి అన్నచోట శుభాకాంక్షలు అని కాగితం అతికించాడు. కాగితం చిన్నదై "శ్ర" కనిపిస్తోంది. వెంకట్రాజం దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. "నల్లద్దాలల్ల మంచిగున్న గదా" అని అందరినీ అడిగాడు.

జంపఖానాలు పరిచాం. చెప్పులు విడిచి దూరం దూరంగా ఇరవై మందిమీ కూర్చున్నాం. సుగుణ అరచేత్తో నేత నిమిరింది. "మెత్తగున్నది. మా మొగిలమ్మ అత్త ఇంట్ల గిసొంటిది ఉంటుండె" అంది. ఒక్కొక్కరూ లేచి పేరు, వ్యాపారం, ముచ్చట చెప్పారు. నా వంతు వచ్చింది.

"నా పేరు సదానందం. జంపఖానాలు."

ఆగాను. రాజేశ్వర్ రావు గంట పక్కన పెట్టాడు. వెంకట్రాజం ఇంకా గుంజ దగ్గరే నిలబడి ఉన్నాడు. టెంట్ వాళ్లకు కూర్చునే అలవాటు ఉండదు. నా పక్కన ఎర్రచార మీద ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ఎవరినీ కూర్చోనివ్వలేదు నేను.

"ముచ్చట ఉన్నదా అన్నా?" అని అడిగాడు రాజేశ్వర్ రావు.

"ఉన్నది" అన్నాను. "రాజం ఏటూరునాగారం నుంచి వచ్చిండు. ఇదిగో, వాని సీటు ఇది."

వెంకట్రాజం చెప్పులు విడిచి వచ్చాడు. కూర్చోబోతూ నా చెవి దగ్గర వంగాడు.

"అంటే మాఫ్ అయినట్టేనా?"

"ముందు కూసో" అన్నాను.